ఒకటో నంబరు పిల్లలు

"సంచిలో చూశావా?"

"చూశానమ్మా."

"పుస్తకాల మధ్య?"

"అన్నీ దులిపాను."

"చెప్పుల పెట్టెలో? అక్కడేగా నువ్వు దాచేది!"

పిచ్చిక ఆ పెట్టె మళ్ళీ తెరిచింది. కిందటేడు సైన్సులో తప్పిన మార్కుల కార్డును చెప్పుల పెట్టెలో దాచిన మాట నిజమే. ఒక్కసారి దాచింది. ఆ ఒక్కసారీ ఈ గంటలో వందసార్లయింది.

బడిలో అందరికీ నిన్న సాయంత్రం హాల్ టికెట్లు పంచారు. పిచ్చికకు రాలేదు. ఈ పిల్ల దరఖాస్తే బోర్డుకు అందలేదన్నారు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఆఖరి తరగతి పరీక్షలు మొదలు. ఇవాళ శనివారం.

కబురు వినగానే పిచ్చిక తల్లి ఊరి నుంచి మొదటి బస్సెక్కి మధ్యాహ్నానికి దిగింది. ఆవిడ ఆస్పత్రిలో నర్సు. డ్యూటీలో తొడుక్కున్న తెల్ల చెప్పులతోనే వచ్చేసింది. వచ్చి గంటయినా భుజం మీది సంచి దించలేదు. దరఖాస్తు కాగితం కూతురు ఇవ్వలేదని, ఇంట్లోనే ఎక్కడో కుక్కిందని ఆవిడ నమ్మకం. ఆ కాగితం దొరికితే ఏం చేస్తుందో ఆవిడకూ తెలియదు. అయినా వెతికిస్తోంది.

"అక్కా, కాస్త కూర్చో. టీ తాగు," అన్నాడు తమ్ముడు. కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి. ఎంత మొరాయించిన మిషన్నైనా బుజ్జగిస్తాడు గానీ, అక్క ముందు మాత్రం చిన్నప్పటి నుంచీ అతని పప్పులు ఉడకవు. "అది పిచ్చిక కదా, గూట్లో గడ్డి దాచినట్టు ఎక్కడో దాచుంటుంది..."

"ఒరేయ్, నీ హాస్యానికి ఇదా సమయం?"

అతను టీ గ్లాసు తనే తాగేశాడు.

గది మూల బల్ల దగ్గర, లాప్‌టాప్ ముందు, టీచరమ్మ కూర్చుని ఉంది. అతని భార్య, పిచ్చిక చదివే బడిలోనే లెక్కల టీచరు. లెక్కల అత్త దగ్గరుంటే పిల్ల గట్టెక్కుతుందనే కదా పిచ్చికను ఇక్కడ ఉంచింది! ఆ అత్తకే రెండేళ్ళుగా చదువు పిచ్చి పట్టింది. ఉద్యోగం చేసుకునే టీచర్ల కోసం విశ్వవిద్యాలయం వారు పెట్టిన గణితం, కంప్యూటింగ్ పీజీలో చేరింది. ఆదివారం ఆదివారం బస్సులో పోయి, తన తమ్ముడి ఈడు వాళ్ళ చేత పాఠాలు చెప్పించుకుని వస్తుంది. నలభై నాలుగేళ్ళ వయసులో హోంవర్కు చేసుకోలేదని తిట్లు కూడా తింది. ఇంకొక్క ప్రాజెక్టు మిగిలింది. వచ్చే ఆదివారం దాన్ని నలుగురు ప్రొఫెసర్ల ముందు నిలబడి చెప్పాలి.

"అత్తా, నువ్వైనా చెప్పు," అంది పిచ్చిక. "మామయ్య సంతకం పెట్టినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు కదా. మర్నాడు క్లాసు టీచర్‌కి ఇచ్చేశాను. నీకు చెప్పాను కూడా."

"చెప్పిందనే గుర్తు వదినా," అంది టీచరమ్మ.

"గుర్తా? ఆ తెర మీంచి తల ఎత్తితే కదా నీకేదైనా గుర్తుండేది! నీ చదువు గొడవలో పడి నా పిల్లని గాలికి వదిలేశావు."

ఆ మాట టీచరమ్మకు సూదిలా గుచ్చుకుంది. జవాబు చెప్పబోయింది. ఇంతలో ఫోను మోగింది. బడి గుమస్తా.

"టీచరుగారూ, నా కొంప మునిగిందండీ," అన్నాడాయన, నమస్కారమైనా చెప్పకుండా. "మీ పిల్లొక్కతే కాదు. ఇంకో నలుగురు వచ్చారు తల్లిదండ్రులతో. అయిదు సెక్షన్లు, అయిదుగురు. సెక్షనుకొకరు చొప్పున రాలేదు. హెడ్మాస్టారు నన్ను సంజాయిషీ రాయమంటున్నారు. నేను దరఖాస్తులు పోగొట్టానుట! పందొమ్మిదేళ్ళండీ... ఒక్క కాగితం పోగొట్టిన పాపాన పోలేదు."

"దరఖాస్తులు ఉన్నాయా మరి?"

"అయిదూ బీరువాలోనే ఉన్నాయి! అదే నాకు అంతు పట్టడం లేదు. కాగితాలు ఇక్కడున్నాయి, బోర్డు జాబితాలో పేర్లు లేవు."

టీచరమ్మ కలం అందుకుంది. "వాళ్ళ రోల్ నంబర్లు చెప్పండి."

కాగితాలు తిప్పిన చప్పుడు. తర్వాత గుమస్తా నెమ్మదిగా అన్నాడు. "చిత్రమండీ. అందరిదీ ఒకటే. ఒకటో నంబరు."

ఫోను పెట్టేసింది.

బోర్డుకు పంపే జాబితా ఈ ఏడు గుమస్తా చేత్తో తయారుచెయ్యలేదు. ఆమె ప్రోగ్రాము తయారుచేసింది. అదే ఆమె ప్రాజెక్టు. అయిదు సెక్షన్ల హాజరు పట్టీలూ తీసుకుని, బోర్డు అడిగిన పద్ధతిలో ఒకే జాబితాగా పేర్చిపెట్టే ప్రోగ్రాము. గుమస్తాకు నాలుగు రోజులు పట్టే పని రెప్పపాటులో అయిపోయింది. హెడ్మాస్టారు స్టాఫు మీటింగులో లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ రోజు ఆమె ఇంటికి నడిచి రాలేదు, తేలుతూ వచ్చింది.

ఇప్పుడు ఆ ప్రోగ్రాము తెరిచింది. ఎక్కడ చూడాలో ఆమెకు ముందే తెలుసు. పదిహేడో వరస. పేర్లు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెప్పే చోట ఒకటి అని ఉంది.

బడి లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది. యంత్రం లెక్క సున్నా నుంచి. పట్టీలో మొదటి పిల్లను యంత్రం సున్నా అంటుంది, రెండో పిల్లను ఒకటి అంటుంది. ఇది ఆమెకు తెలియని సంగతి కాదు. మొదటి నెలలోనే చెప్పారు, పరీక్షలో అడిగారు, పూర్తి మార్కులు కూడా ఇచ్చారు. కానీ ఇరవై రెండేళ్ళుగా రోజూ ఉదయాన్నే పట్టీ తెరిచి "ఒకటి" అని పిలిచిన మనిషి. చెయ్యి దానంతట అదే ఒకటి అని కొట్టేసింది. అంతే, ప్రతి సెక్షనులోనూ మొదటి పిల్లను దాటేసి రెండో పిల్ల దగ్గర మొదలుపెట్టింది ప్రోగ్రాము.

సరిచూసుకోలేదా అంటే, చూసుకుంది. ప్రతి సెక్షనులోనూ ఆఖరి పేరు ఉందో లేదో వేలు పెట్టి మరీ చూసింది. టీచర్లు మరిచిపోయేది ఎప్పుడూ ఆఖరివాళ్ళనే. మొదటి పేరు మరిచిపోయిన టీచరును ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మొత్తం ఎంతమందో కూడా చూసింది. ఆ మొత్తం లెక్కగట్టింది కూడా ఆ ప్రోగ్రామే. దానికి తెలిసినంతమందే దాని లెక్కలోకి వచ్చారు.

లాప్‌టాప్ మూసేసింది.

"ఏవండీ, ఒక్కసారి ఇలా రండి," అని భర్తను పెరట్లోకి పిలిచింది.

అతను అంతా విన్నాడు. తీగ మీద ఆరేసిన దుప్పటి అంచు పట్టుకుని చాలాసేపు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఇంకెవరికైనా తెలుసా?"

"లేదు."

"అయితే ఎవరికీ చెప్పకు."

"ఏమిటి మీరనేది?"

"నేననేది విను. బోర్డు ఆఫీసు ఇవాళ తెరిచే ఉంటుందిగా? గుమస్తా పోయి బతిమాలుకుంటాడు, పేర్లు ఎక్కిస్తారు, పిల్లలు పరీక్ష రాస్తారు. ఆయనకు పోయేదేముంది, ఒక సంజాయిషీ. నీకో? ఉద్యోగం మీదికొస్తుంది. చదువు మీదికొస్తుంది. రెండేళ్ళు ఒక్క ఆదివారం ఇంట్లో ఉన్నావా నువ్వు? అదంతా బూడిదలో పొయ్యడమే."

"గుమస్తా చేయని తప్పుకు..."

"చేయని తప్పుకే. నాకు తెలుసు. తెలిసే అంటున్నా." దుప్పటి అంచు వదిలేశాడు. "నాకు భయంగా ఉందోయ్."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతని నోట ఆ మాట ఆమె వినలేదు. కోప్పడితే ఎదురు చెప్పేది. ఇప్పుడేం చెప్పగలదు? పైగా, సిగ్గు విడిచి చెప్పుకోవాలంటే, అతను అన్నదంతా ఆమె మనసు అప్పటికే ఒకసారి అనేసుకుంది. అందుకే మరీ భయమేసింది.

అప్పుడే లోపల చెంపదెబ్బ చప్పుడు వినిపించింది.

ఇద్దరూ పరిగెత్తారు. పిచ్చిక చెంప పట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఏడవడం లేదు. తల్లే ఏడుస్తోంది.

"రెండు షిఫ్టులు చేసి చదివిస్తున్నాను దీన్ని! నిజం చెప్పవే, కాగితం ఇచ్చావా లేదా అంటే నోరు విప్పదు. చూడండి ఎట్లా నిలబడిందో!"

టీచరమ్మ భర్త వైపు చూసింది. అతను నేల చూశాడు. వంటింట్లో కుళాయి కారుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఎన్నాళ్ళుగానో కారుతోంది, ఇవాళే వినపడింది.

"నేను బడికి వెళ్ళొస్తాను," అంది చివరికి. ఆ ఒక్క మాటే. పిరికి మాట. చేతిసంచి తీసుకుని బయటపడింది.

గేటు గడియ తీస్తుంటే వెనక నుంచి పిచ్చిక వచ్చింది. కాళ్ళకు చెప్పుల్లేవు. చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి.

"అత్తా, ఒకటి అడగనా?"

"అడుగు."

"నేను నిజంగా ఇచ్చానా?"

టీచరమ్మకు అర్థం కాలేదు.

"అంటే... ఇచ్చాననే అనుకున్నాను. క్లాసు టీచరు బల్ల మీద పెట్టడం కళ్ళకు కట్టినట్టుంది. కానీ అమ్మ అన్నిసార్లు అడుగుతుంటే... ఇవ్వలేదేమో అనిపిస్తోంది. ఇచ్చాననుకుంటూ ఇవ్వలేదేమో. నాకు బుర్ర సరిగ్గా లేదేమో అత్తా."

ఎప్పుడూ గలగలా వాగే పిల్ల. ఆ వాగుడుకే ఇంట్లో పిచ్చిక అని పేరు పెట్టారు. ఇప్పుడు ఒక్కో మాటా తడుముకుంటూ అంటోంది. అత్త వేసే లెక్కను కళ్ళప్పగించి చూసినట్టే అత్త ముఖంలోకి చూస్తోంది, జవాబు కోసం.

టీచరమ్మ గేటు వదిలేసింది. పిల్ల చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి నడిపించుకు వచ్చి వదినగారి ఎదుట నిలబెట్టింది.

"వదినా, ఇది కాగితం ఇచ్చింది. అది బడి బీరువాలోనే ఉంది. పేరు పోయింది నా వల్ల. బోర్డుకు పంపే జాబితా నా ప్రోగ్రాము చేసింది, దాంట్లో నేను తప్పు రాశాను. ప్రతి సెక్షనులో మొదటి పేరు ఎగిరిపోయింది. దీని తప్పు ఆవగింజంత కూడా లేదు."

ఒక్క గుక్కలో అనేసింది. ఆగితే ఇంక అనలేనని తెలుసు.

వదినగారు అప్పుడు భుజం మీది సంచి దించింది. కుర్చీలో కూర్చుంది. తన కుడి అరచేతిని విప్పి చూసుకుంది.

"కొట్టాను దీన్ని," అంది. తిడితే బావుండుననిపించింది టీచరమ్మకు. తిట్టలేదు.

ఆవిడ తలెత్తకుండానే అంది. "ముందు వెళ్ళు. ఆ టికెట్టు పట్రా. నీతో మాట్లాడేవి చాలా ఉన్నాయి. అవి తర్వాత."

భర్త స్కూటరు తాళాలు తీశాడు. బడి గేటు దగ్గర దింపి, "నేనిక్కడే ఉంటా," అన్నాడు.

సెలవు రోజు బడి ఖాళీగా ఉంది, వచ్చిన తల్లిదండ్రులను పంపేసినట్టున్నారు. వరండాలో బెంచీలు వరసగా పేర్చి, వాటి మీద సుద్దముక్కతో నంబర్లు వేశారు. ఆమె అడుగుల చప్పుడు ఆమెకే పెద్దగా వినిపించింది. హెడ్మాస్టారి గదిలో గుమస్తా బల్ల అంచున కూర్చుని కాగితం మీద ఏదో రాస్తున్నాడు. కొట్టేసిన కాగితాలు రెండు పక్కన పడున్నాయి.

"రాయకండి," అంది ఆమె గుమ్మంలోనే. "అది మీరు రాయాల్సింది కాదు."

ఈసారి ఆగి ఆగి చెప్పింది. పదిహేడో వరస గురించి చెప్పింది, సున్నా గురించి చెప్పింది, ఆఖరి పేర్లు మాత్రమే చూసుకున్నానని చెప్పింది. ఎంత చిన్న తప్పో అని చెప్పబోయి ఆ మాట మింగేసింది.

గుమస్తా కలం మూత పెట్టాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "చేత్తో రాసినన్నాళ్ళూ ఒక్క పేరు వదల్లేదమ్మా," అన్నాడు. నిష్ఠూరమో, ఊరటో ఆయనకే తెలియాలి.

హెడ్మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. అరుస్తారని ఆమె బిగుసుకుని నిలబడింది. ఆయన కోపం బడంతా ఎరిగినదే. కానీ ఆయన అరవలేదు.

"బోర్డు ఆఫీసు అయిదింటిదాకా ఉంటుందండీ," అంది ఆమె. "గేటు దగ్గరే ఫోను చేసి కనుక్కున్నాను. మీరు సంతకం పెట్టిన ఉత్తరం, హాజరు పట్టీ, దరఖాస్తులు తీసుకెళ్తే అక్కడికక్కడే టికెట్లు ఇస్తారట. కారణం రాయాలట. నా పేరే రాయండి. అయిదుగురే కదా, నేనే పట్టుకెళ్తాను."

హెడ్మాస్టారు లేవలేదు. కలం తియ్యలేదు.

"అమ్మా, ఈ ప్రోగ్రాము మీరు నాకొక కాపీ ఇచ్చారు గుర్తుందా? చూసుకుంటానని అడిగాను."

"ఇచ్చానండీ."

"కిందటి నెలలో హెడ్మాస్టర్ల సమావేశం అయింది. అక్కడ చెప్పాను. మా లెక్కల టీచరు చేసిందని గొప్పగా చెప్పాను. అందరూ అడిగారు." ఆయన కళ్ళజోడు మళ్ళీ తీశారు. "పెన్ డ్రైవులో ఇచ్చాను. వాళ్ళూ తమ జాబితాలు దాంతోనే చేసుకున్నారు. మీ ప్రాజెక్టు పూర్తయ్యాక చెప్పి సంతోషపెడదామనుకున్నాను."

ఆమె కుర్చీ వెనక పట్టుకుంది.

"ఎన్ని బళ్ళకండీ?"

ఆయన సొరుగు లాగి ఒక కాగితం తీశారు. ఆయన దస్తూరీ గుండ్రంగా ఉంటుంది. బళ్ళ పేర్లు, ఎదురుగా ఫోను నంబర్లు. కింద గీత గీసి మొత్తం కూడా వేసుకున్నారు. ఇరవై మూడు.

లెక్కల టీచరు బుర్ర వద్దన్నా హెచ్చవేసింది. బడికి మూడు సెక్షన్లనుకున్నా డెబ్బైమందికి ఒక్కరు తక్కువ. ఒక్కో బడిలో ముగ్గురో నలుగురో. అంత తక్కువమంది కోసం ఎవరూ గగ్గోలు పెట్టరు. దరఖాస్తు ఇచ్చి ఉండదులే అనుకుంటారు. డెబ్బై ఇళ్ళలో డెబ్బైమంది పిల్లలు చేయని తప్పును తమలో వెతుక్కుంటూ ఉంటారు. వాళ్ళలో ఎంతమందికి చెప్పేవాళ్ళున్నారు?

గోడ గడియారం రెండుంపావు చూపిస్తోంది.

"సార్, కాగితం చించండి," అంది. ఆ గొంతు తనదేనా అనిపించింది. "ముగ్గురం ఉన్నాం, మూడు ఫోన్లు. తలా కొన్ని. ఒకటో నంబరు పిల్లలకు టికెట్లు వచ్చాయా అని అడగండి. రాకపోతే పట్టీ పట్టుకుని ఇప్పుడే బోర్డు ఆఫీసుకు బయల్దేరమనండి."

హెడ్మాస్టారు కాగితాన్ని స్కేలు పెట్టి మూడు ముక్కలు చేశారు. అలాంటప్పుడు కూడా అంచు వంకర పోకుండా చించిన మనిషి ఆయన. ఒక ముక్క ఆమె చేతిలో పెట్టారు. మొదటి నంబరు నొక్కింది. రెండుసార్లు తప్పు నొక్కి, మూడోసారికి సరిగ్గా కలిసింది.

"హలో?" ఆడమనిషి గొంతు. వెనక ఏదో గందరగోళం, నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడుతున్నారు. "ఎవరండీ?"

"హెడ్‌మిస్ట్రెస్ గారేనా అండీ? మీ బడిలో ఆఖరి తరగతిలో, ప్రతి సెక్షనులోనూ ఒకటో నంబరు వాళ్ళకి... హాల్ టికెట్టు రాలేదా అండీ?"

అవతల ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఆవిడ చేత్తో ఫోను మూసి గదిలోవాళ్ళను ఊరుకోమన్నట్టుంది. మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు వేరుగా ఉంది.

"మాకు రెండే సెక్షన్లు. ఒక పిల్లకి రాలేదని వాళ్ళమ్మ ఇక్కడే కూర్చుంది. రెండో పిల్ల నిన్న సాయంత్రం టికెట్టు రాలేదని తెలిసి బడి నుంచి బయల్దేరింది. ఇంటికి చేరలేదు. ఊరంతా వెతుకుతున్నారు. ఆ పిల్లది ఒకటో నంబరని మేం ఎవరికీ చెప్పలేదు."

టీచరమ్మ చెవికి ఫోను అదుముకుంది. హెడ్మాస్టారు, గుమస్తా తమ ఫోన్లు దించి ఆమెనే చూస్తున్నారు.

"మీకెలా తెలుసు?" అంది అవతలి గొంతు. "మీరెవరమ్మా?"